విశాఖ ట్రాలర్ బోటు నమూనా: తాళ్లు కట్టడం, సామాను అమర్చడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బోటు ఒళ్లు చెక్కడం, రంగు వేయడం వరకూ చాలామంది ఓపిగ్గా చేసుకొచ్చేస్తారు. విన్చి (వైరు చుట్టే యంత్రం), బోర్డులు (నీళ్లలో వల నోరు తెరిచే పలకలు), వైర్లు, వల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. ఏ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తెలియక సగం చేసిన బోటు బీరువా మీద దుమ్ము పడుతూ ఉంటుంది. అలాంటివారు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. నేను చేసేవి మన విశాఖ ఫిషింగ్ హార్బర్ ట్రాలర్లే, అంటే వలని నీళ్లలో ఈడ్చుకుంటూ వేటాడే బోట్లే కాబట్టి జవాబులు కూడా వాటి గురించే ఉంటాయి.

మొదటిసారి చేస్తున్నాను. కిట్ కొనమంటారా, సొంతంగా చెయ్యమంటారా?

చేతిలో కిట్ ఉంటే ఒళ్లు కట్టే పని తేలికవుతుంది. కాకపోతే బజారులో దొరికే కిట్లలో ఎక్కువ యూరప్, అమెరికా బోట్లే. ఉత్తర సముద్రపు పాత ట్రాలర్లు వలను పక్క నుంచి దించేవి, అందుకని వాటికి ఇనుప చట్రాలు పక్క గోడల మీద ఉంటాయి. మన బోట్లు వలను అమరం నుంచి, అంటే వెనక నుంచి దించుతాయి. కిట్‌తో వచ్చిన కాగితం చూసి తాళ్లు కట్టేసి కింద విశాఖపట్నం అని రాస్తే, హార్బర్లో పనిచేసే ఏ కుర్రాడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు.

ఒక దారి మాత్రం ఉంది. అమెరికా గల్ఫ్ తీరం రొయ్యల బోటు కిట్ మీ దగ్గర ఉంటే పారెయ్యకండి. రెండు పక్కలకీ పొడవాటి కొయ్యలు చాపి రెండు వలలు లాగే అలాంటి పెద్ద ట్రాలర్లు, 23 మీటర్ల మెక్సికన్ రకం, 1980లలో మన విశాఖ నుంచే బయల్దేరి బెంగాల్ తీరం దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా రొయ్యల వేటకు వెళ్లేవి. ఆ కిట్‌ని ఆ కాలపు విశాఖ ట్రాలర్‌గా చేస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ఇప్పటి బోటే కావాలంటే సోనా బోటు చెయ్యండి. పొడవు సుమారు 13 మీటర్లు, ముందు వైపు క్యాబిను, దాని వెనక విన్చి, అమరం దగ్గర ఇనుప చట్రాలు. దీన్ని మాత్రం సొంతంగా చెక్కుకోవాల్సిందే.

ఏ స్కేలు బాగుంటుంది?

తాళ్లు, వల బాగా కనపడాలంటే 1:20, అంటే అసలు బోటులో ఇరవయ్యో వంతు. సోనా బోటు 65 సెంటీమీటర్లు వస్తుంది, టీవీ బల్ల మీద పడుతుంది. 1:50లో 26 సెంటీమీటర్లే, అల్మారాలో పెట్టుకోవచ్చు, కానీ 12 మిల్లీమీటర్ల వైరు 0.24 మిల్లీమీటర్లకు దిగిపోతుంది, కప్పీలు ఆవగింజలంత అవుతాయి. కంటిచూపు, చేతి నిలకడ రెండూ బాగుంటేనే అటు వెళ్లండి. నేను కింద చెప్పే కొలతలన్నీ 1:20కి.

హార్బర్లో కొలతలు తీసుకోనిస్తారా? ఎప్పుడు వెళ్లాలి?

అడిగితే తీసుకోనిస్తారు. అడగకుండా ఎక్కితే ఎవరికైనా కోపం వస్తుంది. అది వాళ్ల బతుకుదెరువు.

అన్నిటికన్నా మంచి సమయం వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు కట్టేసి ఉంటాయి. కొన్నింటిని గట్టెక్కించి మరమ్మతు చేస్తుంటారు, నీళ్ల కింద ఉండే భాగం, పంకా, చుక్కాని అప్పుడే చూడగలం. గట్టు మీద వలలు పరిచి అల్లుతుంటారు. తీరిగ్గా మాట్లాడే ఓపిక కూడా వాళ్లకి అప్పుడే ఉంటుంది. వేట రోజుల్లో తెల్లవారుజామున వేలం జరిగేటప్పుడు వెళ్లి టేపు పట్టుకుని అడ్డంగా నిలబడకండి.

ఒక మీటరు కర్రకి పది సెంటీమీటర్లకోసారి ఎరుపు, తెలుపు రంగులు వేసి తీసుకెళ్లండి. ప్రతి ఫోటోలోనూ అది కనపడాలి. బోటు అందం ఫోటో ఒకటి చాలు. మిగతా వంద ఫోటోలూ తాళ్ల కొసలవి ఉండాలి: ఏ గుంజకి చుట్టారు, ఏ కొక్కేనికి తగిలించారు, మిగిలిన తాడు ఎక్కడ చుట్ట పెట్టారు. పక్కనే నేవీ ప్రాంతం ఉంది కనుక కెమెరా అటు తిప్పకండి, ముందే గేటు దగ్గర అడిగి వెళ్లండి.

తాళ్లు ఎక్కణ్ణించి మొదలెట్టాలి? కిందపడి లేచినా అర్థం కావట్లేదు.

దారం చేతిలోకి తీసుకోకముందే కాగితం మీద ఒక్కో తాడు దారి గియ్యండి. బోటు మీద ఊరికే ఉండే తాడు ఒక్కటీ ఉండదు. ప్రతి తాడూ దేన్నో ఎత్తుతుంది, లాగుతుంది, లేదా నిలబెడుతుంది. దాని పని ఏమిటో మీకు తెలిస్తే అది ఎక్కడ బిగుసుకోవాలో, ఎక్కడ వేలాడాలో మీ చేతికే తెలుస్తుంది. పని తెలియకుండా కట్టిన తాడు బొమ్మ మీద దారంలాగే కనపడుతుంది.

ముఖ్యమైన దారి వల లాగే వైరుది. విన్చికి రెండు డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ముకి ఒక్కో వైరు. డ్రమ్ము నుంచి కొన్ని బోట్లలో నేరుగా, కొన్నింట్లో డెక్కు మీది గైడు రోలర్ల మీదుగా అమరం వైపు పోతుంది. అక్కడ రెండు పక్కలా నిలబడిన ఇనుప చట్రాలకి, అంటే గ్యాలోస్‌లకి, వేలాడే పెద్ద కప్పీలోంచి బయటికి దిగుతుంది. దిగి బోర్డుకి తగులుతుంది. బోర్డు వెనక నుంచి మళ్లీ తాళ్లు వల రెక్కలకి పోతాయి. ఆ రెక్కల పై అంచు తాడుకి తేలే బుడ్లు, కింది అంచు తాడుకి బరువులు. చివర చేపలు చేరే తిత్తి. ఈ వరస ఒకసారి నోటికొచ్చేస్తే సగం పని అయిపోయినట్టే.

రెండోది తిత్తిని ఎత్తే తాడు. మాస్టు మీదో, వెనక చట్రం మీదో ఉన్న కప్పీలోంచి వచ్చి విన్చి పక్కనుండే నున్నటి తలకి చుట్టుకుంటుంది. దాన్ని మనిషి చేత్తో పట్టుకుని లాగుతాడు కాబట్టి కొస ఎప్పుడూ డెక్కు మీద చుట్టగా పడి ఉంటుంది.

కట్టే వరస ఇలా పెట్టుకోండి. ముందు కదలని తాళ్లు, అంటే మాస్టుని నిలబెట్టేవి. ఎడమ పక్కది ఒకటి, కుడి పక్కది ఒకటి చొప్పున మార్చి మార్చి కట్టండి. ఒక పక్కవన్నీ ముందే బిగిస్తే మాస్టు అటు వంగుతుంది, తర్వాత ఎంత లాగినా సరికాదు. ఆ తర్వాత కదిలే తాళ్లు, మధ్య నుంచి బయటికి. బయటివి ముందు కట్టేస్తే లోపలికి పట్టకారు దూరదు.

వైరుకి ఏ దారం వాడాలి?

దీని మీద నేను చాలా దారం పాడుచేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదట చేసిన బోటుకి అంతా నూలుదారం వాడాను. ఎండాకాలంలో కట్టాను, తీగలా బిగుసుకుంది. వానలు మొదలయ్యాక దారం తేమ పీల్చి పొట్టిగా అయింది, మాస్టు పైకొస ముందుకి వంగింది. నూలు తేమకి ఉబ్బితే పొడవు తగ్గుతుంది, ఆరితే మళ్లీ వదులవుతుంది. సముద్రపు గాలి ఆగకుండా వీచే ఊరు మనది, ఈ ఆట ఏడాది పొడుగునా సాగుతుంది. అప్పటి నుంచి బిగుతుగా ఉండాల్సిన ప్రతిదానికీ పాలియెస్టర్ దారమే వాడుతున్నాను. నైలాను సాగుతుంది, పైగా మెరుస్తుంది. చేపల గాలం దారం అయితే ఎండపొడ పడగానే గాజులా తళుక్కుమంటుంది, దాని జోలికి వెళ్లకండి.

12 మిల్లీమీటర్ల వైరుకి 0.6 మిల్లీమీటర్ల దారం కావాలి. దుకాణంలో మందం ఎలా తెలుస్తుందని అడుగుతారు. స్కేలు మీద 10 మిల్లీమీటర్ల నిడివిలో దారాన్ని పక్కపక్కనే ఒత్తుగా చుట్టి చుట్లు లెక్కపెట్టండి. 16 చుట్లు పడితే అదే మీ దారం.

దారానికి నూగు ఉంటుంది, 1:20లో అది తాడు మీద వెంట్రుకలు మొలిచినట్టు కనపడుతుంది. తేనెమైనం ముక్క మీద రెండుసార్లు లాగితే నూగు అణిగిపోతుంది. నూలైతే కొవ్వొత్తి మంట పక్క నుంచి గబుక్కున లాగినా సరిపోతుంది, పాలియెస్టర్‌ని మంటకి చూపిస్తే కరిగిపోతుంది.

రంగు నలుపు వద్దు. గ్రీజు పట్టిన వైరు దగ్గర నుంచి చూస్తే నల్లగానే ఉంటుంది గానీ పదడుగుల దూరం నుంచి ముదురు బూడిద రంగు. నమూనాని మనం ఎప్పుడూ దూరం నుంచి చూస్తున్నట్టే లెక్క.

గట్టుకి కట్టే లావు తాళ్లు నేనే పేనుకుంటున్నాను. ఏదో తేడాగా కనిపిస్తున్నాయి.

పురి చూడండి. తాడును నిలువుగా పట్టుకుంటే పేటలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కాలి. హార్బర్లో కనిపించే మూడు పేటల తాళ్లు మామూలుగా అలాగే ఉంటాయి. కుట్టు దారానికి అప్పటికే ఆ వైపు పురి ఉంటుంది కనుక మూడు దారాలు కలిపి పేనితే తాడు ఎదురు వైపు తిరుగుతుంది. మీకు తేడాగా అనిపిస్తున్నది అదే. ఎదురు పురి ఉన్న దారం వెతుక్కోండి, లేదా ముందు ఒక్కో పేటకి ఎదురు పురి గట్టిగా ఎక్కించి అప్పుడు మూడూ కలపండి.

బోర్డులు ఎలా చెయ్యాలి? ఎందుకంత పట్టుబడతారు వాటి గురించి?

బోర్డు లేకపోతే వల నోరు తెరుచుకోదు కాబట్టి. బోటు ముందుకి పోతుంటే బోర్డుల ముందు అంచులు బయటికి, వెనక అంచులు లోపలికి ఉండేలా వాలి నడుస్తాయి. నీళ్లు లోపలి ముఖానికి కొట్టుకుని ఒక బోర్డుని ఎడమకి, ఇంకోదాన్ని కుడికి నెడతాయి, గాలిపటాన్ని గాలి నెట్టినట్టు. ఆ తోపుడికే వల అడ్డంగా విచ్చుకుంటుంది. అందుకే విన్చి వైరు తగిలే ఇనుప బ్రాకెట్లు లోపలి ముఖం మీద, వల వైపు పోయే తాళ్లు వెనక భాగంలో ఉంటాయి. ఎడమ బోర్డు, కుడి బోర్డు ఒకటి కాదు. అద్దంలో బొమ్మల్లాంటివి.

ఇది నాకు నేర్పింది ఒక సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. నిషేధం రోజుల్లో నా రెండో బోటుని అట్టపెట్టెలో పెట్టుకుని చూపిద్దామని తీసుకెళ్లాను. ఆయన రంగు చూడలేదు, క్యాబిను చూడలేదు. నేరుగా అమరం వైపు వంగి, చిటికెన వేలితో బోర్డుని కాస్త తిప్పి, "ఏటి బాబూ, రెండూ ఒకే పక్కవి కట్టీసినావు? ఇలాగైతే వల నోరెలా ఇప్పుకుంటాది?" అన్నాడు. నేను ఒక బోర్డు చేసి అచ్చం అలాంటిదే ఇంకోటి చేశాను. ఆయన నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి, వాటి మధ్య అరచేతిని వాలుగా పెట్టి నడిపి చూపించాడు. నీళ్లు ఎటు తోస్తాయో ఆ చేతిలో చూశాక మళ్లీ మర్చిపోలేదు.

చెక్కబోర్డు అయితే రెండు మిల్లీమీటర్ల బద్దలు అతికించి, కింద ఇనుప చెప్పులాంటి పట్టీ వెయ్యండి. ఆ పట్టీ సముద్రపు అడుగున రాసుకుని రాసుకుని అరిగిపోతుంది, అందుకని దాని కింది అంచుకి తుప్పు రంగు వెయ్యకండి, పెన్సిలు లెడ్డు పొడి రుద్ది మెరిపించండి. మిగతా ఇనుమంతా తుప్పే. బోర్డు గోడకి కొట్టుకునే చోట ఒంటి మీద రంగు లేచిపోయి గీతలు పడి ఉంటాయి, అవీ వెయ్యాలి.

వలకి ఏ బట్ట వాడాలి?

తిత్తి కన్ను 25 మిల్లీమీటర్లనుకుంటే 1:20లో 1.25 మిల్లీమీటర్లు రావాలి. దోమతెర బట్ట ఇంచుమించు సరిపోతుంది. రెక్కల దగ్గర కన్ను పెద్దది, అక్కడికి దుపట్టాలకి వేసే పెద్ద కన్ను నెట్ బట్ట తీసుకోండి. పూర్ణా మార్కెట్లో టైలరింగ్ సామాను అమ్మేచోట అర మీటరు అడిగినా ఇస్తారు. ఇంత బోటుకి ఒకటే బట్ట వాడేస్తే వల చూడ్డానికి పెళ్లికూతురి మేలిముసుగులా ఉంటుంది, ముందు పెద్ద కళ్లు, వెనక చిన్న కళ్లు కనపడితేనే ట్రాల్ వల.

పాలియెస్టర్ బట్ట మామూలు అద్దకపు రంగు పీల్చదు. నీళ్లు బాగా కలిపిన యాక్రిలిక్‌లో ముంచి, పాత పేపరు మీద ఆరెయ్యండి. ఆకుపచ్చ, నీలం రెండూ హార్బర్లో కనిపిస్తాయి. ఒకచోట కొత్త రంగు, ఒకచోట వెలిసిన రంగు ఉండాలి, చిరిగిన చోట వేరే రంగు దారంతో అల్లినట్టు నాలుగు కుట్లు వెయ్యండి. ఆ నాలుగు కుట్లే వలకి ప్రాణం పోస్తాయి.

అసలు కష్టం కుప్ప పొయ్యడం. తడిసిన వల బరువుకి కూలబడి ఉంటుంది. బట్ట ముక్క మాత్రం స్ప్రింగులా లేచి నిలబడుతుంది. ఒక వంతు ఫెవికాల్‌కి నాలుగు వంతుల నీళ్లు కలిపి బట్టని నానబెట్టి, డెక్కు మీద పాలిథీన్ కాగితం పరిచి దాని మీద కుప్ప పోసి, వేలికొసతో మడతల్లోకి నొక్కుతూ ఆరేదాకా రెండు మూడుసార్లు చూడాలి. ఆరాక కాగితం లాగేసి కుప్పని దాని చోట అతికించండి. బుడ్లకి 7, 8 మిల్లీమీటర్ల నారింజ రంగు పూసలు వాడి, మెరుపు పోయేలా మ్యాట్ వార్నిష్ కొట్టండి. వల నోటి మధ్యలో బుడ్లు దగ్గర దగ్గరగా, రెక్కల వైపు పోయేకొద్దీ దూరం దూరంగా ఉంటాయి.

విన్చి డ్రమ్ముకి ఎంత వైరు చుట్టాలి?

అసలు బోటులో వందల మీటర్లు ఉంటుంది. మీరు ముందు చెక్క గుండుతో డ్రమ్ము నింపేసి, పైన రెండు వరసలు చుట్టండి. అంచు దాకా నింపకండి, కాస్త ఖాళీ కనపడాలి.

కప్పీలు, గుంజలు, టైర్లు, డ్రమ్ముల్లాంటి చిన్న సామాను ఎక్కడ దొరుకుతుంది?

మన దగ్గర దొరికినంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం. గుంజలు, విన్చి తలలు, డ్రమ్ముల్లాంటి గుండ్రటి వాటికి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రని మించింది లేదు. మెత్తగా, నున్నగా, పొర లేవకుండా తరిణికి వస్తుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకసారి అటు వెళ్లి పనివాళ్లని అడిగితే చెక్క ముక్కలు ఇస్తారు. బొమ్మలకి వాడే రంగు లక్క మాత్రం మనకొద్దు, ఉత్త కర్ర చాలు.

గొలుసులకి గిల్టు నగల దుకాణాలు. సన్నటి డ్రిల్లు సూదులు, పట్టకార్లు కంసాలి సామాను అమ్మేచోట దొరుకుతాయి, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల చూడండి. పక్క గోడలకి వేలాడే పాత టైర్లకి కుళాయి పనివాళ్లు వాడే రబ్బరు రింగులు: అసలు టైరు 60 సెంటీమీటర్లు, మీకు కావల్సింది 3 సెంటీమీటర్లు. దాన్ని కట్టే తాడు పైన కొత్తగా, కింద రాసుకుని చిట్లినట్టు ఉండాలి.

రాత్రి దీపాలు వెలిగేలా పెట్టాను. ఎరుపు పైన, తెలుపు కింద. సరైనదేనా?

ట్రాలర్‌కి కాదు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ట్రాల్ వల లాగే బోటుకి పైన ఆకుపచ్చ, కింద తెలుపు, రెండూ చుట్టూ కనపడేవి. ఎరుపు కింద తెలుపు వేరే రకం వేటకి. పక్క దీపాలు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, అమరంలో తెలుపు. పగలైతే మొనలు కలిసిన రెండు శంకువులు ఒకదాని మీద ఒకటి. నల్ల అట్టతో చేసి మాస్టుకి కట్టండి.

ముడులు ఊడిపోతున్నాయి. ఏ గమ్ము పెట్టాలి?

నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్క, సూది మొనతో. పాలియెస్టర్ ముడి జారుతుంది కాబట్టి ఒక మెలి అదనంగా వెయ్యండి. ఇన్‌స్టంట్ గమ్ము దారాన్ని నల్లబరిచి పుల్లలా పెళుసు చేస్తుంది, క్యాబిను అద్దాల దగ్గర పెడితే తెల్లటి పొగ పట్టేస్తుంది. లోహాన్ని లోహానికి అతికించడానికి మాత్రమే అది.

తుప్పు ఎక్కడెక్కడ వెయ్యాలి?

నీళ్లు కారే చోట. డెక్కు మీద నీళ్లు బయటికి పోయే రంధ్రాల కింద, బోల్టుల కింద, లంగరు రాసుకునే చోట. ఎప్పుడూ పై నుంచి కిందికి, సన్నగా. నిషేధం అయ్యాక రంగు వేసుకుని జూన్ 15న బయల్దేరే బోటు చేస్తుంటే తుప్పు దాదాపు ఉండకూడదు. అప్పుడు అణియం దగ్గర, అంటే బోటు ముందు కొసన, పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ, మాస్టుకి వేపమండలు, బంతిపూలు పెట్టండి. ఏ నెల బోటు చేస్తున్నారో ముందే అనుకుంటే రంగు దానంతట అదే తేలిపోతుంది.

రిజిస్ట్రేషన్ నంబరు రాయాలా?

రాయాలి. ఐఎన్‌డి, ఏపీ, వీ5, ఎంఎం అనే వరసలో మొదలై చివర అంకెలుంటాయి. ఏపీ మన రాష్ట్రం, ఎంఎం మెకనైజ్డ్ బోటు గుర్తు. అంకెలు మాత్రం నిజంగా తిరుగుతున్న బోటువి పెట్టకండి, యజమాని ఒప్పుకుంటే తప్ప.

ఇంట్లో ఎలా దాచాలి?

గాజు పెట్టె తప్పనిసరి. వల మీద పడిన దుమ్ము దులపడం అసాధ్యం. లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టి వానాకాలంలో నెలకోసారి మార్చండి. కలరా ఉండలు వద్దు, వాటి ఆవిరికి ప్లాస్టిక్ భాగాలు మెత్తబడతాయి.

మా నాన్న బోటు ఇప్పుడు లేదు. ఫోటోలు మూడే ఉన్నాయి. చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్లో మంటలు లేచి 40 వరకూ బోట్లు కాలిపోయాక ఇదే ప్రశ్నతో ఒక కుర్రాడు వచ్చాడు. ఫోనులో మూడు ఫోటోలు, ఒకదాంట్లో బోటు సగమే ఉంది.

ఫోటోలో మీకు సైజు తెలిసిన వస్తువు వెతకండి. ఆ ఫోటోలో డెక్కు మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. 200 లీటర్లది, ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు. దాంతో పక్కనున్న విన్చి, విన్చితో క్యాబిను తలుపు, తలుపుతో గోడ ఎత్తు, ఇలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి లెక్క కట్టాం. దూరంగా ఉన్నవి చిన్నగా కనపడతాయి కనుక డ్రమ్ముతో సమానంగా నిలబడ్డ వాటినే కొలిచాం. మిగిలినవి అదే గట్టున ఉన్న అలాంటి బోటు మీద చూసుకున్నాం. ఫోటోలో లేనివి వాళ్ల నాన్నని అడిగాం. ఆయన కొలతలు చెప్పలేదు, తన చెయ్యి ఎక్కడ ఆనేదో చెప్పాడు. చుక్కాని చక్రం నడుముకి కాస్త పైన. విన్చి పిడి మోకాలికి.

క్యాబిను ఎడమ కిటికీ రెక్క సరిగ్గా పడేది కాదట. ఏళ్ల తరబడి ఒక నీలం తాడుముక్కతో కట్టి నడిపాడట. 1:20లో ఆ ముక్క పొడవు నాలుగు మిల్లీమీటర్లు. అన్నీ అయ్యాక దాన్ని ఆఖర్న ఆ కుర్రాడి చేతే కట్టించాను.